అంచు కోసం ఆగిన వెదురు

గంగులు రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే అందులో ఏడు ‘ఆయ్’లే. మిగిలిన మూడూ కత్తి, నీళ్ళు, అన్నం. ఆ లోటు ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన వాటా మాటలు కూడా భార్య మంగాయమ్మే మాట్లాడేసేది.

కొత్తరేవు మేదరి వీధిలో వాళ్ళది మూడో ఇల్లు. గంగులు అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చుని బుట్ట అల్లేవాడు. ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని మంగాయమ్మ అంచు కట్టేది. వాళ్ళింటి ఆనవాయితీ అది. అల్లిన చెయ్యి అంచు కట్టదు. తాత అల్లితే నాయనమ్మ కట్టింది, తండ్రి అల్లితే తల్లి కట్టింది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు. బుట్ట అంచు దాకా రాగానే గంగులు మాట్లాడకుండా దాన్ని ఎడమ వైపుకి చాపేవాడు. మంగాయమ్మ అందుకుని అడుగున అరచేత్తో ఫట్టుమని ఒక్కటి చరిచేది. అల్లిక ఎక్కడైనా వదులుంటే ఆ చప్పుడులో తెలిసిపోతుంది. ఆ తరవాత ఎండిన వెదురు బద్ద చుట్టూ తిప్పి అంచు బిగించేది.

బిగిస్తూ ఎదురింటి వాళ్ళతో, పక్కింటి వాళ్ళతో, దారిన పోయే వాళ్ళతో కబుర్లు.

"పక్కింటి సూరిబాబు రోజుకి ఆరు బుట్టలు దింపేస్తాడమ్మా. మా ఆయన నాలుగు. చెయ్యి మంచిదే, కాదనను. కానీ అల్లడానికి కూర్చుంటాడో, తపస్సుకి కూర్చుంటాడో ముప్పై ఎనిమిదేళ్ళయినా నాకు బోధపడలేదు."

గంగులు వినేవాడు. విని నీళ్ళ కుండలోంచి ఇంకో బద్ద తీసుకునేవాడు.

ఆ ఏడు వేసవిలో వెదురు రాలేదు. ఎప్పుడూ కొండ మీంచి డిపోకి, డిపో నుంచి వీధికి నాలుగు లారీల వెదురు దిగేది. ముప్పై ఇళ్ళకీ అదే ముడిసరుకు. బియ్యం చెరిగే చేటా, కోళ్ళని కప్పే గంపా, చంటిపిల్లల ఉయ్యాలా, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే బుట్టా అన్నీ అందులోంచే పుట్టేవి. ఈసారి వచ్చింది ఒక్క లారీ. అందులో సగం పుచ్చు. వీధంతా అరుగుల మీద కూర్చుని ఈగలు తోలుకుంటోంది.

అప్పుడే ఊరి చివర గట్టు మీదున్న పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ ఇందుమతి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మొక్కల డాక్టరు. చెప్పులకి మట్టి, జడలో పెన్ను.

"గంగులు గారంటే మీరేనా?"

"ఆయ్."

"మా కేంద్రంలో కొత్తరకం వెదురు పెంచుతున్నామండి. చీల్చక్కర్లేదు. నేలలోంచే బద్దల్లా లేస్తుంది. అల్లికకి పనికొస్తుందో లేదో తేల్చాలంటే అల్లే చెయ్యి కావాలి. వస్తారా?"

గంగులు నోరు తెరిచేలోగా మంగాయమ్మ అందుకుంది. "వస్తాడండి. ఇక్కడుండి చేసేదేముంది? పొద్దున్నే చద్దన్నం తినేసి వస్తాడు, మధ్యాన్నం క్యారేజీ నేను పట్టుకొస్తాను. ఆయనకి బయటి కూడు పడదండి. కారం కూడా తక్కువ తింటాడు. ఏవయ్యా, వస్తావు కదా?"

"ఆయ్," అన్నాడు గంగులు.

కేంద్రంలో అద్దాల పైకప్పున్న పెద్ద గది. నడిమధ్య మట్టి తొట్టెలో ఒకే దుంప. దానిలోంచి పన్నెండు పిలకలు కట్టగట్టినట్టు లేచి, మనిషెత్తున ఆకుపచ్చగా ఊగుతున్నాయి. ఒక్కొక్కటీ వేలెడు వెడల్పు, రేకులా పలచన. గంగులు ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వంచాడు. విరగలేదు. వదిలాడు. అది వెనక్కి లేవలేదు, వంచినచోటే వంగి ఉంది. ఆయన కనుబొమలు కొంచెం పైకి లేచాయి. ఆయన లెక్కలో అది పెద్ద కేక కిందే.

ఇందుమతి నవ్వింది. "అత్తిపత్తి ఆకు తెలుసుగా? ముట్టుకుంటే ముడుచుకుంటుంది. ఆ గుణం దీనికి ఎక్కించాం. చేతిమాట వింటుందన్నమాట." ఇంతలో లోపల ఫోను మోగింది. "ఒక్క నిమిషం, వచ్చేస్తాను," అని వెళ్ళింది.

ఆ ఒక్క నిమిషం గంటన్నర అయింది. చేతులు ఊరికే ఉంచుకోవడం గంగులుకి చాతకాదు. తూర్పు ముఖంగా గొంతుక్కూర్చుని, నేలలో ఉన్న పిలకలని ఉన్నట్టే పట్టుకుని అల్లడం మొదలెట్టాడు. మోకాలెత్తున వాటిని గొడుగు ఊచల్లా విప్పి బుట్ట అడుగు వేశాడు. కొన్నిటిని నిలబెట్టాడు, కొన్నిటిని చుట్టూ తిప్పాడు. బుట్ట వచ్చింది. కాడ మీద తామరపువ్వు నిలబడ్డట్టు నిలబడింది. అంచు దాకా రాగానే అలవాటు కొద్దీ దాన్ని ఎడమ వైపుకి వంచాడు.

సరిగ్గా అప్పుడే మంగాయమ్మ క్యారేజీతో వచ్చింది. "అబ్బో, ఎక్కడికెళ్ళినా ఇదే పనా?" అంటూ క్యారేజీ దింపి, ఎడమ పక్కన చతికిలబడి, బుట్ట అడుగున ఫట్టుమని చరిచింది. కాడ టిక్కుమని తెగింది. బుట్ట ఒళ్ళోకి వచ్చింది. సంచిలోంచి ఎండిన బద్ద తీసి అంచు బిగించేసి, అందులోనే వంకాయలు పోసుకుని ఇంటికి పట్టుకుపోయింది.

ఇందుమతి తిరిగి వచ్చేసరికి దుంప బోడిగా ఉంది. గంగులు అన్నం తింటున్నాడు.

"పనికొస్తదండి," అన్నాడు.

ఆరో రోజు కబురొచ్చింది, వెంటనే రమ్మని.

గంగులు వెళ్ళేసరికి గదిలో ఇందుమతితో పాటు కేంద్రం డైరెక్టరు నరసింగరావు కూడా ఉన్నాడు. లావుపాటి మనిషి, సంతోషం వస్తే చేతులు రుద్దుకుంటాడు. ఇప్పుడు నిప్పు రాజుకునేలా రుద్దుకుంటున్నాడు. తొట్టెలో అదే దుంప. కొత్త పిలకలు వేసింది. అవి మోకాలెత్తున గొడుగులా విచ్చుకుని, అడుగు వేసుకుని, ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి దూరుకుంటూ సగం బుట్ట అయ్యాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవరి చెయ్యీ తగల్లేదు.

గంగులు దగ్గరికి వెళ్ళి చూశాడు. అడుగున మూడో వరసలో ఒక బద్దని రెండుసార్లు మెలితిప్పడం ఆయనకి తండ్రి నుంచి వచ్చిన అలవాటు. ఆ మెలిక అక్కడ ఉంది. అద్దంలో కాకుండా బయట తన మొహం తనకి ఎదురైనట్టయింది.

"దుంపకి గుర్తుందండీ," అంది ఇందుమతి. "మీరు ఒక్కసారి అల్లారు. అది నేర్చేసుకుంది. నేననుకున్నది ఇది కాదు. నేను బద్దలు పండిద్దామనుకున్నాను, అంతే."

"నువ్వు బద్దలనుకున్నావు, దేవుడు బుట్టలే ఇచ్చాడు!" అన్నాడు నరసింగరావు. ఆ సగం బుట్టని అప్పటికప్పుడు కోయించి, ముక్కలు చేయించి, కటకం కింద పెట్టించాడు. "చూడవయ్యా గంగులూ, నెల తిరిగేసరికి పెద్దల కమిటీ వస్తుంది. ఈలోపు ఈ తల్లి దుంప మీద నువ్వు ఇంకో మూడుసార్లు అల్లాలి. గుర్తు గట్టిపడాలి. ఆ తరవాత దీని పిలకలు తీసి రెండు వందలు నాటేస్తాం. కమిటీ ఊఁ అందంటే ఇక కొండ వెదురు మీ వీధికి ఎందుకు? మొత్తం కాగితం మిల్లుకి ఇచ్చేయొచ్చు. చేస్తావు కదా?"

గంగులుకి చివరి మాట ముందు వినపడింది, మిగతావి తరవాత ఎక్కాయి. నోరు మాత్రం తన అలవాటు తను చేసేసింది.

"ఆయ్," అంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని గంగులు తన జన్మలో పెద్ద మాట ఒకటి మాట్లాడాడు.

"మంగా. చెట్టే అల్లేస్తంది. ఇక వీధికి వెదురు ఇవ్వరంట."

మంగాయమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఆ తరవాత మొదలెట్టింది.

"నేర్పిందెవరు? నువ్వు! నోరు లేదు సరే, ఆ చేతులకైనా బుద్ధుండద్దా? కనపడిందల్లా అల్లేయడమేనా? రేపు వాళ్ళు కుర్చీ చూపిస్తే కుర్చీ అల్లుతావా? సూరిబాబుకి ఏం చెప్తావు? ఆ చివరింటి సత్యవతికి ఏం చెప్తావు, మొగుడు పోయాక అంచులు కట్టుకునే కదా బతుకుతోంది? మాటిచ్చేశావా?"

"ఆయ్."

"ఏడిసినట్టుంది. సరే, మాట తప్పద్దు. వెళ్ళు. వెళ్ళి వంకరగా అల్లు. ఆ చెట్టు చచ్చినా బుట్ట అల్లకుండా అల్లు. నేను మాత్రం ఆ గుమ్మం తొక్కను. క్యారేజీ పొద్దున్నే కట్టిచ్చేస్తాను, పట్టుకుపో."

గంగులు తల ఊపాడు. వంకర అల్లడం ఎంతసేపనుకున్నాడు.

పిలకలు మళ్ళీ పెరిగాక, ఒక పొద్దున తొట్టె ముందు తూర్పు ముఖంగా కూర్చున్నాడు. మొదటి బద్దని పైనుంచి పోనివ్వాల్సిన చోట కింద నుంచి పోనిచ్చాడు. వేళ్ళు ఆగాయి. పంటి కింద రాయి పడ్డట్టుంది ఆయనకి. పోనీలే అని రెండోది కూడా తప్పు వేయబోయాడు. వేయలేకపోయాడు. కుడిచెయ్యి వెళ్ళి ఎడమచెయ్యి చేసిన తప్పు దిద్దేసింది. మళ్ళీ పాడు చేద్దామని చూశాడు, ఈసారి ఎడమచెయ్యి దిద్దింది. గంట కుస్తీ పట్టాడు. చెమటలు పోశాయి. చివరికి చూస్తే ఎదురుగా తన జన్మలో అల్లనంత చక్కటి బుట్ట నిలబడి ఉంది. మూడో వరసలో మెలికతో సహా.

అంచు దాకా వచ్చింది. ఎడమ వైపుకి చాపాడు. అక్కడ ఎవరూ లేరు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, పై వరస మెల్లగా విప్పి మళ్ళీ అల్లాడు. మళ్ళీ చాపాడు. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ అల్లాడు. సాయంత్రం దాకా ఎన్నిసార్లయిందో ఆయనకి లెక్క లేదు, అలా చేస్తున్నట్టే ఆయనకి తెలీదు. పొద్దు వాలాక బుట్టని కాడ మీదే వదిలేసి ఇంటికి వచ్చాడు.

"వంకరగా అల్లావా?" అంది మంగాయమ్మ.

గంగులు కాళ్ళు కడుక్కున్నాడు.

"అల్లలేదన్నమాట," అని ఆవిడ కంచం పెట్టింది. కంచం చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

దుంప కొత్త పిలకలు వేసిన మిగతా రెండుసార్లూ అంతే. ఒకనాడు నరసింగరావు వచ్చి, "అంచు కూడా నేర్పెయ్యవయ్యా, ఒక పనైపోతుంది," అన్నాడు.

"నాకు రాదండి," అన్నాడు గంగులు. అది నిజం. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క అంచు కట్టలేదు.

"పోనీలే, అదెంత పని, యంత్రం పెట్టి కొట్టించేద్దాం," అని నరసింగరావు చేతులు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

కమిటీ వచ్చే రోజున కేంద్రం వెనక షామియానా వేశారు. ఎదురుగా నాలుగు మళ్ళలో రెండు వందల వెదురు దుంపలు. తొమ్మిది రోజులుగా రోజుకి జానెడు చొప్పున పెరిగి, అడుగులు వేసుకుని, గోడలు లేపుకుని, అన్నీ ఒక్కసారే అంచు దగ్గరికి వస్తున్నాయి. కమిటీకి పెద్ద వరాహమూర్తి అనే రిటైరైన ఇంజనీరు. చేతికర్ర, చెవి మిషను, కళ్ళలో చిలిపితనం. మేదరి వీధి ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని మంగాయమ్మ కూడా వచ్చి కంచె బయట నిలబడింది. గొడవ పెట్టుకోడానికే వచ్చింది. కొంగు నడుముకి దోపింది, సంచి భుజాన ఉంది, నోట్లో కిళ్ళీ సిద్ధంగా ఉంది.

గంగులు షామియానా చివర, నిలబడాలో కూర్చోవాలో తెలియక వంగి ఉన్నాడు.

పది గంటలకి రెండు వందల బుట్టలూ చివరి వరస పూర్తి చేశాయి. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. నరసింగరావు మైకు అందుకున్నాడు. "చూశారా సార్! మనిషి చెయ్యి అక్కర్లేదు! నేలలో నాటితే ఇంట్లోకి వస్తువు!"

ఆ మాట పూర్తవగానే రెండు వందల బుట్టలూ ఒక్కసారిగా ఉత్తరం వైపుకి వంగాయి. వంగి ఆగాయి.

"ఇదేంటయ్యా?" అన్నాడు వరాహమూర్తి.

నరసింగరావు ఒక్క క్షణం తడబడ్డాడు. "నమస్కారం సార్! తమరికి నమస్కారం పెడుతున్నాయి! మర్యాద కూడా నేర్పాం!"

"నేను దక్షిణం వైపున్నాను కదయ్యా."

ఇంతలో బుట్టలు నెమ్మదిగా నిటారుగా లేచాయి. లేచి, చుట్ట కాల్చేంతసేపు తీసుకుని, పై వరస విప్పుకున్నాయి. మళ్ళీ అంతసేపూ తీసుకుని అల్లుకున్నాయి. మళ్ళీ ఉత్తరానికి వంగాయి. నరసింగరావు మొహం తడిగుడ్డ అయింది. మూడోసారి విప్పుకోవడం మొదలెట్టగానే వరాహమూర్తి చేతికర్ర నేలకి పొడిచాడు.

"వేసిందే వెయ్యడం, తవ్విందే తవ్వడం. మా ఊరి రోడ్డు పనిలా ఉందే!"

"లాగండి! ఒకటి లాగి చూపించండి!" అని అరిచాడు నరసింగరావు. ఇద్దరు నౌకర్లు ఒక బుట్ట పట్టుకుని లాగారు. రాలేదు. దుంప పైకి లేచిందిగానీ బుట్ట దాన్ని వదల్లేదు. కొడవలి తెచ్చి కాడ కోశారు. కోయగానే బద్దలన్నీ ప్రాణం పోయినట్టు జారి తిన్నగా అయిపోయాయి. నౌకరు చేతిలో బుట్ట లేదు, పచ్చి పుల్లల కట్ట ఉంది.

ఇందుమతి మళ్ళ మధ్యకి పరుగెత్తింది. ఏం జరుగుతోందో ఆవిడకీ అంతు చిక్కలేదు.

అంతుచిక్కింది కంచె బయటున్న మంగాయమ్మకి. గొడవకని తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తలకాయ పక్కకి వాల్చి ఆ వంగిన బుట్టల్ని చూసింది.

"ఓలమ్మో! సత్తీ, చూడవే! తూర్పుకి తిరిగి కూర్చుని మా ఆయన ఎడమ పక్కకి చాపినట్టే చాపుతోంది!"

కంచె దాటి లోపలికి వచ్చేసింది. ఎవరో ఆపబోతే, "ఉండవయ్యా బాబూ, నాకోసం చాపుతోంది కనపడట్లేదా?" అని తోసేసింది. మొదటి బుట్ట పక్కన చతికిలబడి, అడుగున అరచేత్తో ఫట్టుమని చరిచింది. కాడ టిక్కుమంది. బుట్ట ఒళ్ళోకి దిగింది. సంచిలోంచి ఎండిన బద్ద లాగి నాలుగు చుట్లు తిప్పి అంచు బిగించి, లేచి వెళ్ళి వరాహమూర్తి చేతిలో పెట్టింది.

"ఇదండీ బుట్టంటే."

వెనకాలే సత్యవతి, సూరిబాబు పెళ్ళాం, మిగతా వాళ్ళూ మళ్ళలోకి దిగారు. ఫట్, టిక్. ఫట్, టిక్. ఊరి బయట టపాకాయలు పేలుతున్నట్టుంది. ఆ రోజు గొడవ సంగతే అందరూ మర్చిపోయారు.

ఇందుమతి తల పట్టుకుని నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. "మొదటి బుట్ట! ఆ రోజు నేను ఫోనులో ఉన్నాను. మీరు తట్టి తీశారా? దుంపకి అదీ గుర్తుంది!"

నరసింగరావుకి నవ్వు రాలేదు. గంగులు దగ్గరికి వచ్చాడు. "కావాలనే చేశావు కదూ? మీ వీధి కోసం చెట్టుకి దొంగబుద్ధి నేర్పావు."

అందరూ అటు తిరిగారు. గంగులు గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పడానికి చాలా మాటలు కావాలి, అన్ని మాటలు ఆయన దగ్గర లేవు.

"వంకర అల్లుదామనే వచ్చానండి. చెయ్యి రాలేదు. ఇదలవాటండి."

వరాహమూర్తి ఆ కొత్త బుట్టని చెవి మిషను దగ్గర పెట్టుకుని అడుగున చరిచి విన్నాడు. ముచ్చట పడ్డట్టున్నాడు, ఇంకోసారి చరిచాడు. "సరే, అంచు కూడా చెట్టుకి నేర్పేస్తే? ఏమ్మా, నువ్వు నేర్పుతావా?"

వీధి ఆడవాళ్ళ చేతులన్నీ ఆగాయి. ఆ ఒక్క మాట మీద ముప్పై ఇళ్ళ పొయ్యిలున్నాయి.

మంగాయమ్మ తొణకలేదు. "నాకేం అభ్యంతరం లేదండి. నేర్చుకోమనండి. కానీ అంచు పచ్చి బద్దతో కడితే ఎండాక వదులైపోద్ది. బుట్ట చేతిలో, అంచు మెడలో ఉంటది. కొండ మీద మూడేళ్ళు ముదిరిన వెదురు తెచ్చి, చీల్చి, ఎండబెట్టి కట్టాలి. ఎండిపోయిన బద్ద ఏం నేర్చుకుంటదండి? మీరే చెప్పండి డాక్టరమ్మా, చచ్చినోడికి చదువు చెప్తారా?"

వరాహమూర్తి ఇందుమతి వైపు చూశాడు.

"ఆవిడ చెప్పింది నిజమండి," అంది ఇందుమతి. "ప్రాణం ఉన్నదే గుర్తుపెట్టుకుంటుంది. అంచుకి ఎండినదే కావాలి. కొండ వెదురు కావాలి, మనిషి కావాలి. దానికి వేరే దారి లేదు."

వరాహమూర్తి కర్ర మీద చేతులు వేసుకుని కాసేపు మళ్ళ వైపు చూశాడు. సూరిబాబు పెళ్ళాం మళ్ళీ చరవడం మొదలెట్టింది. "అయితే కాయితం మీద ఇలా రాయండి," అన్నాడు. "కొండ వెదురు వీధికి ఎప్పట్లాగే పోవాలి, పుచ్చులు లేకుండా. ఈ మళ్ళు వీధి వాళ్ళే చూసుకోవాలి. నరసింగరావూ, మనిషి చెయ్యి అక్కర్లేదన్నావు చూడు, ఆ ముక్క కొట్టెయ్."

ఆడవాళ్ళు ఈలలు వేయడం ఒక్కటే తక్కువ.

అందరూ సందడిలో ఉండగా మంగాయమ్మ మాత్రం మడి చివర ఒక దుంప ముందు కూర్చుండిపోయింది. దాన్ని ఇంకా ఎవరూ చరవలేదు. అది ఉత్తరానికి వంగింది. ఆగింది. లేచి పై వరస విప్పుకుంది. తాపీగా అల్లుకుంది. మళ్ళీ వంగింది. ఆవిడ చెయ్యి చాపలేదు, చూస్తూ ఉంది. గంగులు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏవయ్యా," అంది తల తిప్పకుండా. "నేను కబుర్లలో ఉన్నప్పుడల్లా నువ్వు ఇలాగే చేసేవాడివా?"

గంగులు కూడా చూశాడు. ఆయనకీ అది అప్పుడే తెలిసింది.

"పిలవచ్చు కదా! ‘ఏమే’ అంటే నోరు అరుగుద్దా? విప్పుకుంటా, అల్లుకుంటా... ముప్పై ఎనిమిదేళ్ళు. నేనేమో సూరిబాబు ఆరు, మా ఆయన నాలుగు అని ఊరందరికీ చెప్పుకుంటా తిరిగాను. ఆ రెండు బుట్టలూ నా నోరే తినేసింది!"

కళ్ళు తుడుచుకుంది. వెంటనే నవ్వింది. నవ్వి, ఆ బుట్టని అడుగున చాలా మెల్లిగా తట్టింది. అంత మెల్లిగా తడితే అది వదలాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి టిక్కుమంది.

ఆ తరవాత చాలా రోజులు గంగులుకి ఏం తోచలేదు. అది మాత్రం దాచకూడదు. చిన్న బుట్టలన్నీ మళ్ళలో దుంపలే అల్లేస్తున్నాయి, మూడో వరసలో మెలిక కూడా పెట్టేస్తున్నాయి. కొన్నవాడికి తేడా తెలీదు. గంగులు అరుగు మీద కూర్చుంటే చేతులు ఒళ్ళో ఊరికే పడుండేవి, అద్దెకి తెచ్చుకున్నట్టు. ఒకటి రెండు సార్లు గాలిలోనే వేళ్ళు ఆడించడం మంగాయమ్మ చూసింది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఎండిన బద్దల కట్ట తెచ్చి ఆయన ముందు పడేసింది. "మళ్ళు వంగిన రోజున ఒక్కసారే రెండు వందల అంచులు. నేను, సత్తి, ఇంకో పాతికమంది చాలట్లేదు. రా, నేర్చుకో."

"ఆనవాయితీ..."

"ఆనవాయితీ ఏమంది? అల్లిన చెయ్యి కట్టకూడదంది. ఇప్పుడు అల్లింది చెట్టు కదా! కూర్చో."

గంగులు కూర్చున్నాడు. మొదటి అంచు గుడ్డు ఆకారంలో వచ్చింది. రెండోది వచ్చిందని అనుకునేలోగా ఊడి మొహాన కొట్టింది. మంగాయమ్మ వీధంతా పిలిచి చూపించింది. "చూడండమ్మా, ఎంత చక్కటి అల్లికగాడో! అంచు కట్టమంటే చంటిపిల్లాడిలా మొలతాడు కడుతున్నాడు!" గంగులు చెవులు ఎర్రబడ్డాయి. పదిహేను రోజులకి మాత్రం చెయ్యి కుదిరింది.

వర్షాలు పడ్డాక ఇందుమతి వచ్చింది. "గంగులు గారూ, ఈ దుంపలు విప్పుకుంటూ అల్లుకుంటూ పొద్దంతా గడిపేస్తున్నాయి. కొత్త దుంప ఒకటి తయారుచేశాను. పెద్ద గంప అల్లాలి. ఈసారి ఆగకుండా, విప్పకుండా నేర్పండి. అది రాగానే పాతవి తీసేద్దాం."

"ఆయ్."

మంగాయమ్మ తయారైంది. కొత్త తొట్టె పక్కన, ఆయన ఎడమ వైపు ముందుగానే కూర్చుంది. సత్యవతి కూడా వచ్చి అటు పక్కన కూర్చుంది. గంగులు అల్లుతున్నాడు. వాళ్ళిద్దరూ ఎవరి పెళ్ళి సంబంధం గురించో మొదలెట్టి, పెళ్ళికొడుకు పళ్ళ దగ్గరికి వచ్చారు. గంప అంచు దాకా వచ్చింది. గంగులు ఎడమ వైపుకి వంచాడు. మంగాయమ్మ వీపు ఇటుంది. గంగులు వేళ్ళు పై వరస మీదికి వెళ్ళాయి. వరస అంచు పట్టుకున్నాయి.

ఆగాయి.

"మంగా," అన్నాడు గంగులు. "కబుర్లు చాలు. ఇటు చూడు."

గదిలో అందరూ అదిరిపడ్డారు. మంగాయమ్మ గిరుక్కున తిరిగి, గంప అడుగున ఫట్టుమని చరిచి అందుకుంది. మొహం మతాబాలా ఉంది. "విన్నావా సత్తీ? విన్నారా డాక్టరమ్మా? ముప్పై ఎనిమిదేళ్ళకి నన్ను కసిరాడమ్మా!"

కొత్త దుంప ఆగదు, విప్పుకోదు. గంపలు చకచకా వస్తున్నాయి. పాత మళ్ళు ఇందుమతి తీయించేసింది, ఒక్క దుంప తప్ప. దాన్ని తీయడానికి వచ్చిన నౌకర్ని మంగాయమ్మ తరిమేసింది.

"అది ఉండనియ్యండమ్మా," అంది. "మా ఇంటాయనకి ఇప్పుడు నోరొచ్చేసింది. పొద్దున్న లేస్తే రా, చూడు, కట్టు అని ఒకటే గోల. మాట్లాడకుండా నాకోసం ఆగేది ఒకటైనా ఉండాలి కదా."

అది ఇప్పుడు వాళ్ళ అరుగు పక్కనే ఉంది. తొమ్మిది రోజులకోసారి బుట్ట అల్లుకుని మంగాయమ్మ వైపుకి వంగుతుంది. ఆవిడ చూస్తుంది, చూసి కబుర్లు ఇంకాస్త పొడిగిస్తుంది. అది పై వరస విప్పుకుంటుంది. పక్కన గంగులు అంచు బిగిస్తూ గొణుగుతాడు.

"పాపం, ఎంతసేపని నిలబెడతావే దాన్ని. తీసుకో."